అర్ధగంటకొక చిత్రం, సెకనుకు పన్నెండు ఫ్రేములు

నిశ్చల చిత్రాల వరుసను కదిలే చిత్రంగా మార్చడానికి కంప్యూటరులో రెండు దారులున్నాయి. ఒకటి, చిత్రాలను మౌసుతో లాగి కాలరేఖ మీద పేర్చి, మెనూలు తెరిచి, బటన్లు నొక్కుతూ సాగే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు దారి. రెండవది, టెర్మినల్ అనే అక్షరాల కిటికీలో ఒక ఆదేశాన్ని టైపు చేసి ఎంటర్ మీట నొక్కితే పని మొత్తం జరిగిపోయే కమాండ్ లైన్ దారి. పది పన్నెండు పెళ్లి ఫొటోలకు పాట జతచేయాలనుకునేవారికి మొదటి దారే హాయి. చిత్రాలు వందల్లో ఉండి, వాటి క్రమానికీ వాటి మధ్య గడిచిన కాలానికీ విలువ ఉన్నచోట మాత్రం రెండవదాన్నే నమ్ముకోవలసి వస్తుంది. ఎందుకంటే మౌసు కదలిక ఏ ఆనవాలూ మిగల్చదు, ఆదేశం రాతలో మిగులుతుంది, ఏ చిత్రం ఎంతసేపు కనిపించిందో, ఏ కొలతకు తగ్గిందో, రంగు ఎక్కడ పలచబడిందో పదేళ్ల తర్వాత కూడా మరొకరు ఆ రాత చదివి తేల్చుకోగలరు.

ఈ పనిలోని మెలకువలు తెలియడానికి తెలుగువారికి గుర్తున్న ఒక సందర్భాన్ని తీసుకోవచ్చు. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నవేళ హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. ఆ సమయానికి బంగాళాఖాతం మీద మేఘాలను గమనిస్తున్న ఉపగ్రహాల్లో 2013 జూలై 26న ప్రయోగించిన ఇన్సాట్-3డి ఒకటి. అది అప్పట్లో భూమధ్యరేఖకు ఎగువన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద, భూమి తన చుట్టూ తాను తిరిగే వేగంతోనే తిరుగుతూ ఉండటం వల్ల నేలమీది నుంచి చూసేవారికి ఒకేచోట నిలిచి ఉన్నట్లు లెక్క. ఇటువంటి కక్ష్యను భూస్థిర కక్ష్య అంటారు. కెమెరా కదలదు, కదిలేది మేఘం ఒక్కటే. వరుస చిత్రాలతో వీడియో చేయదలచినవారికి ఇంతకు మించిన అనుకూలత మరొకటి ఉండదు, ఎందుకంటే చేత్తో పట్టుకుని తీసిన ఫొటోల్లో ప్రతి ఫ్రేమునూ ముందుదానికి సరిగ్గా అమర్చడమే సగం పని అవుతుంది. అర్ధగంటకొక చిత్రం చొప్పున రోజుకు 48, తుపాను పేరు సంతరించుకున్న అక్టోబరు 8 మొదలు తీరం దాటిన 12వ తేదీ చివరిదాకా అయిదు రోజులకు 240 చిత్రాలు లెక్కకు వస్తాయి.

వీటిలో ఏ రకం చిత్రాలను ఎంచుకోవాలన్నది మొదటి ప్రశ్న. కంటికి కనిపించే కాంతిలో తీసిన చిత్రాలు స్పష్టంగా ఉంటాయి గాని, రాత్రి అయ్యేసరికి నల్లబడిపోతాయి. వాటితో చేసిన వీడియోలో తుపాను కన్నా ముందు పగలూ రాత్రీ టపటపలాడటమే కళ్లకు తగులుతుంది. వేడిని పట్టే ఉష్ణ పరారుణ చిత్రాల్లో ఆ బాధ లేదు, మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుంది, అర్ధరాత్రి అయినా అదే తీరు. బదులుగా వదులుకోవలసింది సూక్ష్మత: ఈ ఉపగ్రహం దృశ్యకాంతిలో కిలోమీటరు మేర వివరాన్ని చూడగలిగితే పరారుణంలో నాలుగు కిలోమీటర్ల వద్దే ఆగిపోయేది. వీడియోను ఎంత పెద్ద తెరకు సాగదీసినా ఆ నాలుగు కిలోమీటర్ల లోపలి సంగతి కొత్తగా పుట్టుకురాదు.

చిత్రాలు చేతికి వచ్చాక అసలు పని పేర్లతో మొదలవుతుంది, అలసట తెప్పించే పొరపాట్లు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. కంప్యూటరు ఫైళ్లను అక్షరక్రమంలో పేర్చేటప్పుడు అంకెను విలువగా గాక అక్షరంగా చూస్తుంది కాబట్టి, ఒకటి తర్వాత పది, ఆ తర్వాత పదకొండు, పందొమ్మిది దాటాక ఎప్పుడో రెండు వస్తాయి. ముందు సున్నాలు చేర్చి అన్నింటినీ నాలుగంకెల పేర్లుగా మారిస్తే ఈ చిక్కు తీరుతుంది. తేదీని పేరుగా పెట్టుకున్నప్పుడు కూడా సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం అన్న వరుసలోనే రాయాలి. మన అలవాటు ప్రకారం రోజును ముందు రాస్తే నెల మారిన మరుక్షణం వరుస తారుమారవుతుంది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది: అంకెలు ఇవ్వవలసింది చేతికి దొరికిన చిత్రాల లెక్కను బట్టి కాదు, అవి సూచించే కాలాన్ని బట్టి. మొదటి అర్ధగంటకు ఒకటి, రెండవ అర్ధగంటకు రెండు, ఇలా కాలానికి అంకె కట్టినట్లయితే, ఏదో ఒక చిత్రం అందకపోయినప్పుడు ఆ అంకె ఖాళీగా మిగిలి లోపాన్ని పట్టిస్తుంది. దొరికినవాటికే వరుసగా అంకెలు వేసుకుంటూ పోతే లోపం కనుమరుగై, తుపాను ఆ క్షణంలో ఉన్నట్టుండి ఒక గెంతు గెంతినట్లు వీడియో అబద్ధం చెబుతుంది. మూల ఫైళ్ల పేర్లు మార్చకుండా, వేరే ఫోల్డరులో నకళ్లు చేసుకుని వాటికి అంకెలు వేయడం మంచిది.

ఇక పనిముట్ల సంగతి. ఈ రంగంలో రెండు ఉచిత సాఫ్ట్‌వేర్ల పేర్లు తరచు వినిపిస్తాయి. ఇమేజ్‌మ్యాజిక్ అనేది జాన్ క్రిస్టీ డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తూ 1987లో మొదలుపెట్టగా 1990లో లోకానికి ఉచితంగా అందిన చిత్రసంస్కరణ సాధనం. చిత్రాలను కత్తిరించడం, కొలత మార్చడం, వాటిపై అక్షరాలు రాయడం దాని సొంత విద్య. చాలా కాలం దాని ముఖ్య ఆదేశం పేరు కన్వర్ట్. విండోస్‌లో డిస్కు అమరికను మార్చే మరో ఆదేశానికి కూడా అదే పేరుండటంతో కొత్తవారు తికమకపడేవారు, ఏడవ కూర్పు నుంచి ఆ పేరు మ్యాజిక్‌గా మారింది. రెండవది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్. ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాబ్రిస్ బెలార్ 2000లో ఆరంభించిన ఈ సాధనం నేడు వీడియోతో సంబంధమున్న లెక్కలేనన్ని సాఫ్ట్‌వేర్లలో, వీఎల్‌సీ ప్లేయరుతో సహా, లోలోపల పనిచేస్తోంది. 2021 ఫిబ్రవరి 18న అంగారకుడిపై దిగిన పర్సెవరెన్స్ రోవరులో ఆ అవతరణను చిత్రించిన కెమెరాల వ్యవస్థ కూడా దృశ్యాలను కుదించడానికి దీన్నే వాడుకుంది. రెండింటి మధ్య ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఇమేజ్‌మ్యాజిక్ వరుసలోని చిత్రాలన్నింటినీ విప్పి ఒకేసారి మెమరీలో పెట్టుకుంటుంది. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు గల ఒక్క చిత్రానికి, పిక్సెలుకు ఎనిమిది బైట్ల చొప్పున, సుమారు 1 కోటీ 66 లక్షల బైట్లు కావాలి, అటువంటివి 240 ఉంటే దాదాపు నాలుగు గిగాబైట్లు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒక్కొక్క చిత్రాన్నే తీసుకుని ముందుకు పంపుతుంది గనుక వేల చిత్రాలకైనా తడబడదు. అందువల్ల చిత్రాలను దిద్దడానికి మొదటిదాన్నీ, వీడియోగా కూర్చడానికి రెండవదాన్నీ వాడటం అనుభవజ్ఞుల అలవాటు.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు చిత్రాల వరుసను చెప్పడానికి రెండు పద్ధతులున్నాయి, లోపించిన చిత్రం విషయంలో అవి భిన్నంగా ప్రవర్తిస్తాయి. శాతం గుర్తు, సున్నా, నాలుగు, డి అక్షరం కలిపి రాసే అంకెల నమూనా అంటే, ముందు సున్నాలతో నాలుగంకెలు గల పేర్లను వరుసగా తీసుకొమ్మని అర్థం; ఆ వరుసలో ఒక అంకె లేకపోతే సాధనం అక్కడితో పని ముగించి, పూర్తయినట్లే కనిపించే ఒక పొట్టి వీడియోను చేతికిస్తుంది. నక్షత్రపు గుర్తుతో అన్ని ఫైళ్లనూ ఏరుకునే గ్లోబ్ పద్ధతి ఆగదు, ఖాళీని మింగేసి ముందుకు పోతుంది. మొదటిది వీడియో నిడివి చూడగానే దొరికే తప్పు, రెండవది ఎవరికీ దొరకని తప్పు. కాబట్టి కాలం విలువైన చోట మొదటిదే మేలు. ఖాళీ దొరికాక దాని ముందరి చిత్రాన్నే ఆ అంకెతో మరోసారి ఉంచి, మూలన చిన్న గుర్తు వేస్తే, చూసేవారికి మేఘం ఒక్క రెప్పపాటు నిలిచినట్లు అనిపిస్తుందే తప్ప లెక్క తప్పదు. అంకె సున్నా నుంచి నాలుగు లోపల మొదలుకాకపోతే ఆరంభ సంఖ్యను ఆదేశంలో విడిగా చెప్పాలన్నది మరో చిన్న నియమం.

ఇప్పుడు ఈ వ్యవహారానికి గుండెకాయ వంటి అంకె దగ్గరికి రావలసి ఉంది. నిశ్చల చిత్రంలో కాలం ఉండదు; దానికి కాలాన్ని ఇచ్చేది ఫ్రేము రేటు, అంటే సెకనులో ఎన్ని చిత్రాలు కనిపించాలన్న సంఖ్య. మూకీ సినిమాల కాలంలో కెమెరా పిడిని చేత్తో తిప్పేవారు గనుక ఈ సంఖ్య నిలకడగా ఉండేది కాదు, లూమియర్ సోదరుల చిత్రాలు సుమారు 16 ఫ్రేములతో నడిచేవి. ఫిల్ము అంచునే శబ్దం చేరాక వేగం ఏమాత్రం మారినా గొంతు మారిపోతుంది కాబట్టి 24 దగ్గర స్థిరపడింది. భారతదేశపు టెలివిజన్ 50 ఆవృత్తుల విద్యుత్తుకు అనుగుణంగా 25ను స్వీకరించింది. ఆదేశంలో ఏమీ చెప్పకపోతే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చిత్రాల వరుసకు ఈ 25నే అన్వయిస్తుంది, అప్పుడు హుద్‌హుద్ అయిదు రోజుల కథ పది సెకన్లలోపే ముగిసిపోతుంది. 12 అని చెబితే ఇరవై సెకన్లు వస్తుంది, పైగా ఒక సెకను సరిగ్గా ఆరు గంటలకు సమానమవుతుంది. వ్యాఖ్యాతకు గాని ఉపాధ్యాయునికి గాని నోటితో లెక్క చెప్పడానికి అంతకన్నా సులువైన నిష్పత్తి దొరకదు.

ఈ సంఖ్యను ఆదేశంలో ఎక్కడ రాశారన్నది కూడా ముఖ్యమే. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వ్యాకరణంలో ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందు వచ్చే మాట ఇన్‌పుట్‌కూ, దాని తర్వాత అవుట్‌పుట్ పేరుకు ముందు వచ్చే మాట అవుట్‌పుట్‌కూ వర్తిస్తాయి. పన్నెండును ముందు రాస్తే చిత్రాలు సెకనుకు పన్నెండు చొప్పున లోపలికి వస్తాయి. దాన్ని తర్వాత మాత్రమే రాస్తే, చిత్రాలు సెకనుకు పాతికగానే లోపలికి వచ్చి, బయటికి పన్నెండే వెళ్లవలసి రావడంతో సగానికి పైగా రాలిపోతాయి, వీడియో మాత్రం పది సెకన్లలోపే ఉంటుంది. సాధనం దీన్ని తప్పుగా పరిగణించదు, హెచ్చరించి ఆగదు. ఆదేశాలను ఎక్కడి నుంచో తెచ్చి అతికించేవారు మొదట దెబ్బతినేది ఈ స్థానభేదం తెలియకనే.

పన్నెండు ఫ్రేముల కదలిక కొంత కుదుపుగా కనిపిస్తుందని, ఉన్న చిత్రాల మధ్య లేని చిత్రాలను లెక్కగట్టి చేర్చే వసతి కూడా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఉంది. ఒక చిత్రంలోని ప్రతి ముక్కా తర్వాతి చిత్రంలో ఎక్కడికి జరిగిందో అంచనా వేసి, నడుమ స్థానంలో దాన్ని గీసి పెట్టడమే ఆ పద్ధతి. కార్టూనుకో ప్రకటనకో అది అందమే గాని, తుపాను చిత్రాలకు దీన్ని వాడటం అంగీకరించదగ్గది కాదు. మేఘం జరగడమే కాదు, పుడుతుంది, కరుగుతుంది, విచ్చుకుంటుంది. ఉపగ్రహం చూడని క్షణంలో మేఘం ఎలా ఉందో కంప్యూటరు కల్పించి చూపిస్తే, అది చూసేవారికి సాక్ష్యంగానే కనిపిస్తుంది. కుదుపు ఉండటమే ఇక్కడ నిజాయితీ.

తయారైన ఫ్రేములను యథాతథంగా దాచుకోవడం అనువు కాదు. 1280 అడ్డం, 720 నిలువు కొలతలతో పిక్సెలుకు మూడు బైట్ల చొప్పున ఒక్క ఫ్రేముకు 27,64,800 బైట్లు, 240 ఫ్రేములకు 66 కోట్ల 35 లక్షల పైచిలుకు బైట్లు అవుతాయి. అందుకే కోడెక్, అంటే దృశ్యాన్ని కుదించి మళ్లీ విప్పే గణిత పద్ధతి, అవసరమవుతుంది. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 నేటికీ దాదాపు ప్రతి ఫోనూ టీవీ అర్థం చేసుకోగల కోడెక్. దాని కిటుకు స్థూలంగా ఇది: అప్పుడప్పుడు ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, తక్కినవాటిలో మారిన భాగాన్ని మాత్రమే రాసుకుంటుంది, పద్దు పుస్తకంలో పైవరుసలోని మాటే మళ్లీ వచ్చినప్పుడు గుమాస్తా దాని కింద రెండు చిన్న గీతలు గీసి సరిపెట్టినట్లన్నమాట. పూర్తిగా దాచిన ఫ్రేమును కీ ఫ్రేము అంటారు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ద్వారా పనిచేస్తూ హెచ్.264 పద్ధతిలో కుదించే ఎక్స్264 అనే సాధనం తనంతట తాను రెండు కీ ఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఎడం ఇస్తుంది. హుద్‌హుద్ వీడియోలో ఉన్నవే 240 ఫ్రేములు గనుక, దృశ్యం ఒక్కసారిగా మారే చోటు ఏదీ లేకపోతే మొదటిదొక్కటే కీ ఫ్రేముగా మిగులుతుంది. అటువంటి వీడియోను నడిమి నుంచి వెనక్కీ ముందుకూ జరుపుతూ చూడబోతే ప్లేయరు ప్రతిసారీ మొదటి నుంచి విప్పుకుంటూ రావలసి వచ్చి తటపటాయిస్తుంది. ఎడాన్ని 12గా ఆదేశిస్తే ప్రతి సెకనుకూ, అంటే తుపాను కాలంలో ప్రతి ఆరు గంటలకూ, ఒక పూర్తి ఫ్రేము దొరుకుతుంది, ఫైలు కొంత పెరిగినా పాఠం చెప్పేవారికి అది లాభసాటి బేరమే. నాణ్యతను నిర్ణయించే సంఖ్య సీఆర్ఎఫ్. సున్నా నుంచి 51 దాకా ఉండే ఈ కొలబద్దపై అంకె తగ్గేకొద్దీ దృశ్యం మెరుగవుతుంది, ఏమీ చెప్పకపోతే 23 ఉంటుంది, 18 దగ్గర మూలానికీ నకలుకూ తేడా కంటికి పట్టుబడటం కష్టం.

కొత్తవారిని ఎక్కువగా ఏడిపించే చిక్కు దీని తర్వాత వస్తుంది: ఆదేశం చక్కగా ముగుస్తుంది, వీడియో కంప్యూటరులో ఆడుతుంది, ఫోనుకు పంపితే తెర నల్లగా ఉంటుంది. మానవనేత్రం వెలుగునీడల తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగుల తేడాను పట్టలేదు కనుక, వీడియోలో వెలుగును ప్రతి పిక్సెలుకూ, రంగును మాత్రం నాలుగు పిక్సెళ్ల గుంపుకు ఒకసారీ దాచడం పరిశ్రమ ఆనవాయితీ. దీనికి వైయూవీ 420 అన్నది వాడుకలో ఉన్న పొట్టిపేరు. పీఎన్‌జీ వంటి చిత్రాల్లో ప్రతి పిక్సెలుకూ పూర్తి రంగు ఉంటుంది కాబట్టి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని పోగొట్టకూడదన్న సదుద్దేశంతో పూర్తిరంగు పద్ధతినే ఎన్నుకుంటుంది, ఫోన్లలోని చిప్పుల్లో అనేకం ఆ పద్ధతిని విప్పలేవు. పిక్సెల్ ఫార్మాటును 420గా ఆదేశంలో స్పష్టంగా రాయడమే విరుగుడు. రంగును అడ్డంగానూ నిలువుగానూ రెండేసి పిక్సెళ్ల చొప్పున గుంపు కట్టడం వల్లనే వెడల్పూ ఎత్తూ సరిసంఖ్యలై ఉండాలన్న నియమం వచ్చింది; 1281 పిక్సెళ్ల వెడల్పున్న చిత్రాన్ని ఇస్తే వెడల్పు రెండుతో భాగింపబడలేదన్న ఫిర్యాదుతో ఎక్స్264 పని మానుకుంటుంది. కొలత మార్చే ఆదేశంలో వెడల్పు చెప్పి, ఎత్తు స్థానంలో రుణ రెండు అని రాస్తే, నిష్పత్తి చెడకుండా దగ్గరలోని సరిసంఖ్యను సాధనమే లెక్కగట్టుకుంటుంది.

వీడియోకు బదులు కొందరు వాడే జిఫ్ సంగతి వేరు. 1987లో కంప్యూసర్వ్ సంస్థ విడుదల చేసిన ఈ పద్ధతిలో ఒక చిత్రానికి 256 రంగులకు మించి పట్టవు. 1989 నాటి సవరణతో ఫ్రేముల మధ్య వ్యవధి, 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరు చేర్చిన చిన్న అనుబంధంతో ఆగకుండా తిరిగే గుణం వచ్చాయి. బూడిదరంగు పరారుణ చిత్రాలకు 256 ఛాయలు సరిపోతాయి, కానీ పటం మీద రంగు గీతలూ అక్షరాలూ చేరితే చాలవు; అప్పుడు చిత్రాలన్నీ ఒకసారి చదివి వాటికి తగిన రంగుల పట్టికను తయారు చేయించి, రెండోసారి ఆ పట్టికతో జిఫ్ కట్టించాలి. జిఫ్‌లో కాలం సెకనులో నూరోవంతుల్లో మాత్రమే నిలుస్తుంది. సెకనుకు పన్నెండు అంటే ఒక్కో ఫ్రేముకు 8.33 నూరోవంతులు, భిన్నానికి అక్కడ చోటు లేదు కనుక ఎనిమిదికి దిగితే ఇరవై సెకన్ల వీడియో 19.2 సెకన్లకు కుంచించుకుపోయి, ఆరుగంటల చక్కని నిష్పత్తి చెదిరిపోతుంది. పైగా ఫైలు పరిమాణం హెచ్.264 వీడియోకు అనేక రెట్లు అవుతుంది. రెండు మూడు సెకన్ల కదలికకు తప్ప జిఫ్‌ను ఎన్నుకోవడానికి నేడు బలమైన కారణం కనిపించదు.

ఫ్రేము మీద తేదీ, సమయం ముద్రించకపోతే ఈ శ్రమలో చాలా భాగం వృథా. ఉపగ్రహ చిత్రాలపై ఉండేది అంతర్జాతీయ సమయం, భారత సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. హుద్‌హుద్ తీరం దాటిన మధ్యాహ్నం పన్నెండు అంతర్జాతీయ లెక్కలో ఉదయం ఆరున్నర; వరుసను అంతర్జాతీయ సమయంతో అక్టోబరు 8 అర్ధరాత్రి నుంచి మొదలుపెడితే అది 206వ ఫ్రేము, వీడియోలో పదిహేడు సెకన్లు దాటిన క్షణం. ఈ సవరణ మరచిపోతే పదకొండు ఫ్రేముల పొరపాటు దొర్లి, తుపాను తీరం దాటి అయిదున్నర గంటలు గడిచాక తీసిన ఫ్రేమునే తీరం దాటిన క్షణమని చెప్పవలసి వస్తుంది. సమయాన్ని తెలుగులో రాయదలచినవారికి అదనపు జాగ్రత్త అవసరం, ఎందుకంటే తెలుగు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చితే చాలదు, గుణింతపు గుర్తు హల్లు తలపైకీ ఒత్తు దాని అడుగుకూ చేరాలి. ఈ అమరికను చూసుకునే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తోడులేని పాత ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూర్పుల్లో అక్టోబరు అన్న మాటలో కకారం కింది టవత్తు ఊడి పక్కకు పడుతుంది. అటువంటప్పుడు పాంగో అనే అక్షర వ్యవస్థ సాయంతో ఇమేజ్‌మ్యాజిక్ చేత ముందే ప్రతి చిత్రం మీదా తెలుగు రాయించి, ఆ తర్వాత వీడియోగా కూర్చడం క్షేమం.

ఇంటర్నెట్టులో ఉంచబోయే వీడియోకు చివరిగా ఒక మాట చేర్చాలి. ఏ ఫ్రేము ఫైలులో ఎక్కడుందో చెప్పే సూచిక ఎంపీ4 ఫైలు చివర ఉంటుంది. దాన్ని ముందుకు తెచ్చే ఫాస్ట్‌స్టార్ట్ అనే ఐచ్ఛికం ఇస్తే ఫైలు మొత్తం దిగకముందే వీడియో మొదలవుతుంది. ఇన్ని నిర్ణయాలతో కూడిన ఆదేశం నాలుగైదు వరుసల పొడవవుతుంది కాబట్టి దాన్ని ఒక టెక్స్ట్ ఫైలులో భద్రపరిచి, స్క్రిప్టుగా, అంటే ఒక్క పేరుతో పిలవగల ఆదేశాల మూటగా, నడిపించాలి. మరో తుపాను వచ్చినప్పుడు ఫోల్డరు పేరూ ఆరంభ తేదీ మారిస్తే చాలు. సాధనాలు తమంతట తాము ఎంచుకునే విలువలు ఒక కూర్పు నుంచి మరో కూర్పుకు మారుతుంటాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడిచిన ప్రతిసారీ తెరపై మొట్టమొదట తన కూర్పు సంఖ్యనే ముద్రిస్తుంది కాబట్టి, ఆ వరుసను కూడా స్క్రిప్టు పైభాగంలో అతికించి, ఏయే అంకెల చిత్రాలు దొరక్క ముందరివాటినే మళ్లీ వాడవలసి వచ్చిందో దాని కింద రాసి, ఆ ఫైలును వీడియో పక్కనే అదే పేరుతో ఉంచడం ఈ పనిలో ఆఖరి మెట్టు.